పాటు వేళ పడవ ఎక్కించారు: ఎదురుమొండి ప్రయాణం

డిసెంబరు రెండో శనివారం నేను, నా భార్య, బావమరిది కలిసి గుంటూరు నుంచి తెనాలి, రేపల్లె మీదుగా పెనుమూడి–పులిగడ్డ వంతెన దాటి అవనిగడ్డ చేరాము. దారి బాగుంది. ఆ రాత్రి దిగిన లాడ్జిలో గదికి 1,400 రూపాయలు తీసుకున్నారు. కుళాయి నీళ్లలో సబ్బు నురగ రాలేదన్నది తప్ప దాని గురించి చెప్పవలసినది లేదు.

చెప్పవలసినదంతా పడవ గురించి. కృష్ణ పులిగడ్డ దగ్గర పాయలుగా చీలి, సముద్రంలో కలిసే ముందు ఎదురుమొండి వంటి చిన్న దీవులను చుట్టుకుని పోతుంది. ఆ పాయల అంచున ఉన్న మడ అడవి కృష్ణా అభయారణ్యంలో భాగం. ఆ అడవిని, సాగరసంగమాన్ని మూడు గంటల్లో చూపిస్తానని నాగాయలంకలో ఒక పడవ మనిషి 3,500 రూపాయలు ముందే తీసుకున్నాడు. యాభై నిమిషాలకే పాయ సన్నగిల్లింది, మర బురదను తాకి ఆగింది. "పాటు తీసేసిందండీ, ఇక ముందుకు పోదు" అన్నాడు. సముద్రపు నీరు ఎక్కడం పోటు, వెనక్కి తీయడం పాటు. పోటు ఎప్పుడు ఎక్కుతుందో, ఎప్పుడు తీస్తుందో ఆ నీళ్ల మీద బతికేవాడికి పొద్దున లేవగానే తెలుస్తుంది. తెలిసే మమ్మల్ని ఎక్కించాడు. సగమైనా తిరిగి ఇమ్మని బావమరిది ఎంత వాదించినా ఒక్క రూపాయి రాలలేదు. "పోనీలెండి" అన్న నా భార్య, ఒడ్డుకు చేరేవరకు మరి మాట్లాడలేదు.

పడవ ఆగినచోట మాత్రం ఒకటి చూశాము. నీరు తీసిన బురదలోంచి తెల్లమడ చెట్ల ఊపిరి వేళ్లు, పెన్సిళ్లు గుచ్చినట్లు, వందల కొద్దీ పైకి నిలిచి ఉన్నాయి. గాలి ఆడని బురదలో ఆ చెట్టు ఊపిరి తీసుకునేది వాటితోనే. ఒక ఆకు తెంపి అడుగుభాగం నాలుకకు తాకిస్తే ఉప్పగా తగిలింది. పీల్చుకున్న ఉప్పును ఆకుల మీదుగా బయటకు తోసేస్తుందన్నమాట. బావురుపిల్లి అక్కడే తిరుగుతుందంటారు గానీ మాకు కనబడలేదు.

మధ్యాహ్నం ఏటిమొగ రేవులో పంటు, అంటే మనుషులను, బండ్లను పాయ దాటించే బల్లకట్టు, ఎక్కి ఎదురుమొండి వెళ్లాము. మాకు మనిషికి ఇరవై, బండి ఉన్నవారికి ఇంకొంచెం ఎక్కువ తీసుకున్నారు. ఊళ్లో భోజన హోటలు కనిపించలేదు. పంటులో మాటల్లో కలిసిన ఒకామె తమ ఇంట్లోనే వండిపెడతానన్నది. మండపీతల ఇగురు, కొయ్యింగ చేపల పులుసు, వేడి అన్నం, మనిషికి 180. పొద్దుటి కోపమంతా ఆ పులుసుతో చల్లారింది. తాగడానికి ఆమె చెంబుతో కొలిచినట్లు పోసిన నీళ్లు టిన్నులో కొన్నవి. బోరు వేస్తే ఉప్పునీరే పడుతుందని చెప్పింది.

ఆమె అత్తగారు 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూసిన మనిషి. తుమ్మచెట్టు కొమ్మను రాత్రంతా పట్టుకుని ఉన్నానని, ముళ్లు దిగిన సంగతి తెల్లవారాకే తెలిసిందని చెబుతూ మోచేతి దగ్గర మచ్చ చూపించారు. ఆ ఉప్పెనలో పోయినవారు ప్రభుత్వ లెక్కల ప్రకారమే పదివేల దాకా ఉంటారు. దీవి అంతా తిరిగినా కరకట్ట కంటే ఎత్తైన నేల నాకు కనబడలేదు. ఒండ్రుతో నదే పోసిన నేల ఇది. నాగార్జునసాగర్, శ్రీశైలం జలాశయాలు కట్టాక ఒండ్రు చాలావరకు అక్కడే ఆగిపోతున్నది. నది పోసేది తగ్గింది, సముద్రం కోసేది తగ్గలేదు. కెరటాలకు అడ్డుగా ఆ మడ చెట్లే ఉన్నాయి గనుక, వాటిని నరికి రొయ్యల చెరువులు తవ్వడం అక్కడివారు తమ ప్రాణాల మీదికి తెచ్చుకోవడమేనని నా గట్టి అభిప్రాయం.

వెళ్లేవారు డిసెంబరు, జనవరిలలో వెళ్లండి. పడవ మాట్లాడుకునే ముందు పోటు వేళ ఎప్పుడో రేవులో ఇద్దరు ముగ్గురిని వేర్వేరుగా అడగండి. పోటు ఎక్కుతుండగా బయలుదేరాలి. డబ్బు సగమే ముందు ఇవ్వాలి. అవనిగడ్డ నుంచే మంచినీళ్లు తీసుకెళ్లండి. ఆఖరి పంటు ఎన్నింటికో దిగగానే కనుక్కోండి. మేము అడగడం మరచి, సాయంత్రం రేవు దాకా పరుగెత్తాము. తిరుగుదారిలో నా భార్యే, ఈసారి పౌర్ణమి పోటుకు రావాలన్నది.