హాస్టల్లో ఆటలమ్మ: ఇంటికి పంపడం మేలా, క్యాంపస్‌లోనే ఉంచడం మేలా?

సంక్రాంతి సెలవుల తర్వాత విద్యార్థులు తిరిగి వచ్చినది మొదలు వేసవి పరీక్షల దాకా మన విశ్వవిద్యాలయాల హాస్టళ్లలో ఎక్కడో ఒకచోట ఆటలమ్మ తలెత్తుతూనే ఉంటుంది. ఒక విద్యార్థి ఒంటిమీద నీటిపొక్కులు కనిపించగానే వార్డెన్ ముందు మూడు దారులుంటాయి: ఆ విద్యార్థిని ఇంటికి పంపడం, క్యాంపస్‌లోనే విడి గదిలో ఉంచి చూసుకోవడం, కేసులు పెరిగితే హాస్టల్‌నే కొన్నాళ్లు మూసివేయడం. ఆచరణలో ఎక్కువగా జరిగేది మొదటిదే. తండ్రికి ఫోన్ వెళ్తుంది, సాయంత్రానికల్లా బ్యాగు సర్దించి బస్సెక్కిస్తారు, రిజిస్టర్‌లో సెలవు అని రాసుకుంటారు. అంతటితో హాస్టల్‌కు బెడద తప్పినట్టు కనిపిస్తుంది గాని, నిజానికి అది మరొకరి ఇంటికి మారుతుందంతే.

ఏది మేలో తేల్చాలంటే ముందు ఈ జబ్బు నడక తెలియాలి. ఆటలమ్మ వైరస్ ఒంట్లో ప్రవేశించిన తర్వాత పొక్కులు పైకి రావడానికి 10 నుంచి 21 రోజులు పడుతుంది. పొక్కులు కనబడడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే రోగి ఇతరులకు అంటించగలుగుతాడు. చివరి పొక్కు కూడా ఎండి పక్కు కట్టే వరకు, అంటే సాధారణంగా అయిదు నుంచి ఏడు రోజుల వరకు, ఆ ప్రమాదం ఉంటుంది. ఇది తాకితేనే కాదు, గాలి ద్వారా కూడా సోకుతుంది. ఒకసారి వచ్చి తగ్గినవారికి మళ్లీ రావడం అరుదు. చిన్నపిల్లల్లో తేలిగ్గా పోయే ఈ జబ్బు పద్దెనిమిది, ఇరవై ఏళ్ల వయసులో వస్తే జ్వరం, నొప్పులు ఎక్కువగా ఉంటాయి, కొందరిలో న్యుమోనియాకు దారితీస్తుంది. చలి దేశాలతో పోలిస్తే మనవంటి వేడి ప్రాంతాల్లో బాల్యంలో దీని బారిన పడకుండా యౌవనానికి చేరేవారు ఎక్కువ. పైగా దీని టీకా ప్రభుత్వ సార్వత్రిక టీకా కార్యక్రమంలో లేదు. అందువల్ల ప్రతి హాస్టల్లోనూ రక్షణ లేని విద్యార్థులు గణనీయంగా ఉంటారని అనుకునే నడుచుకోవాలి.

ఇంటికి పంపడంలో మేలు లేదని అనలేము. జ్వరంతో పడుకున్న పిల్లవాడికి తల్లి దగ్గర దొరికే సేవ ఏ హెల్త్ సెంటర్‌లోనూ దొరకదు. ఇరవై మంది వాడే స్నానాల గదులు, మెస్ ముందు వరుస, పక్క గదుల రొద, ఇవేవీ ఇంట్లో ఉండవు. ఇల్లు అదే ఊళ్లో ఉండి, సొంత వాహనంలో తీసుకువెళ్లగలిగి, ఇంట్లో అందరికీ ఇదివరకే ఆటలమ్మ వచ్చి తగ్గి ఉంటే, ఇంటికి పంపడమే మేలు. అయితే ఈ మూడు షరతులూ నెరవేరే ఇళ్లు ఎన్ని? హైదరాబాద్‌లో చదివే ఆదిలాబాద్ విద్యార్థినే తీసుకుందాం. పొక్కులు వచ్చిన మొదటి రోజో, రెండో రోజో, అంటే బాగా అంటించగల రోజుల్లోనే, సుమారు మూడు వందల కిలోమీటర్లు ఆర్టీసీ బస్సులో కిక్కిరిసిన జనం మధ్య కూర్చుని వెళ్లాలి. పక్క సీటులో గర్భిణి ఉండవచ్చు. గర్భం తొలి ఇరవై వారాల్లో ఆటలమ్మ సోకితే, అరుదుగానైనా, పిండానికి హాని జరగవచ్చు. ప్రసవానికి అటూ ఇటూ సోకితే పుట్టిన బిడ్డ ప్రాణానికే ముప్పు. క్యాన్సర్ చికిత్స పొందుతున్నవారికి, స్టెరాయిడ్లు ఎక్కువ మోతాదులో వాడుతున్నవారికి కూడా ఇది ప్రమాదకరం. బస్సులో ఎవరెవరు ఉన్నారో తెలుసుకునే అవకాశం వార్డెన్‌కు గాని విద్యార్థికి గాని ఉండదు.

చికిత్స సంగతి కూడా ఉంది. అసైక్లోవిర్ మాత్రలు పొక్కులు కనబడిన 24 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తాయి, యుక్తవయసు వచ్చినవారిలో జబ్బు తీవ్రంగా ఉంటుంది కాబట్టి వైద్యులు వాటిని సూచిస్తుంటారు. ప్రయాణంలో ఒక రోజు, ఇంటికి వెళ్లాక అమ్మవారు పోసింది కాబట్టి మందు వేయకూడదన్న పెద్దల మాటతో మరో రెండు రోజులు గడిస్తే ఆ గడువు దాటిపోతుంది. వేపమండలు పక్కన పెట్టుకోవడం, చలవ చేసేవి తినిపించడం, ఇంటికి బయటివారిని రానివ్వకపోవడం వంటి ఆచారాలతో నాకు పేచీ లేదు; ఆ చివరిది అచ్చంగా వైద్యులు చెప్పేదే. మందు ఆపేయడం, ఆయాసం వచ్చినా ఆస్పత్రికి కదలకపోవడం మాత్రం ప్రమాదం. జ్వరానికి ఇంట్లో ఉన్న ఆస్పిరిన్ ఇవ్వడమూ అంతే. ఈ జబ్బులో జ్వరానికి పారాసెటమాల్ ఒక్కటే వాడాలి.

ఇక క్యాంపస్‌లోనే ఉంచడం. మాటలో తేలికగా ఉన్నా, సరిగ్గా చేయకపోతే ఇది ఇంటికి పంపడం కన్నా అన్యాయంగా తయారవుతుంది. చాలాచోట్ల ఐసొలేషన్ గది అంటే హాస్టల్ చివర పాత మంచాలు పడేసిన గది. బాత్రూమ్ కోసం వరండా అంతా దాటి వెళ్లాలి. ఆ ఒక్క లోపంతోనే ఏర్పాటంతా వృథా అవుతుంది, ఎందుకంటే గాలి ద్వారా పాకే జబ్బున్న మనిషి రోజుకు ఆరేడు సార్లు అందరి మధ్య నుంచి నడిచి వెళ్తుంటాడు. కావలసినది లోపలే బాత్రూమ్ ఉన్న గది, వరండా వైపు తలుపు మూసి ఉంచి బయటి వైపు కిటికీ తెరవగలిగిన గది. అతిథి గృహంలో ఇటువంటి గదులు ప్రతి విశ్వవిద్యాలయంలోనూ రెండు మూడైనా ఉంటాయి, కాకపోతే అవి ఎప్పుడో వచ్చే అతిథుల కోసం ఎదురుచూస్తుంటాయి. ఆటలమ్మ అని వైద్యుడు నిర్ధారించిన వారిని ఇద్దరు ముగ్గురిని ఒకే గదిలో ఉంచవచ్చు, గవదబిళ్లలు వచ్చినవారిని, జ్వరమేమిటో తేలనివారిని మాత్రం వారితో కలపకూడదు.

ఆ గదికి అన్నం తీసుకువెళ్లే మనిషి ఎవరన్నది చిన్న విషయంగా కనిపించవచ్చు గాని, సగం గెలుపు అక్కడే ఉంది. ఇదివరకు ఆటలమ్మ వచ్చి తగ్గినవారినో, రెండు డోసుల టీకా వేయించుకున్నవారినో ఆ పనికి పెట్టాలి. మెస్‌లో గర్భిణి పనిచేస్తుంటే ఆమెను ఆ వైపు పంపనే కూడదు. నోట్లో కూడా పొక్కులు వస్తాయి కాబట్టి కారం తగలని ఇడ్లీ, జావ, పెరుగన్నం, మజ్జిగ క్యారియర్‌లో పంపాలి. తిన్న పళ్లేన్ని సబ్బుతో కడిగితే చాలు. రోజుకు రెండుసార్లు నర్సు వచ్చి జ్వరం, ఊపిరి తీరు చూసి రాసుకోవాలి. దగ్గుతో ఆయాసం, ఆగని వాంతులు, మగత, పొక్కుల చుట్టూ ఎర్రగా వాచి చీము పట్టడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆస్పత్రికి తరలించాలి. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి దగ్గరలోనే నల్లకుంటలో ఫీవర్ ఆస్పత్రి ఉంది, పాతవాళ్లు కోరంటి దవాఖానా అనేది దానినే. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చేరువలో పెదవాల్తేరు అంటువ్యాధుల ఆస్పత్రి ఉంది. ఊరికి దూరంగా కట్టిన కొత్త క్యాంపస్‌లకు ఈ వెసులుబాటు లేదు. వాటికి రాత్రి వేళ కూడా కదిలే అంబులెన్స్ ఉంటేనే ఈ రెండో దారి ఎంచుకోదగినది.

రోగిని ఎక్కడ ఉంచినా రూమ్మేట్ల ప్రశ్న అలాగే మిగిలి ఉంటుంది. పొక్కులు రాకముందే వారికి వైరస్ తగిలి ఉంటుంది కనుక, రోగి ఖాళీ చేసిన మంచం వారికి రక్షణ కాదు. ఇక్కడ క్యాంపస్‌కు ఉన్న సౌలభ్యం ఇంటికి లేదు. గదిలోనివారిని, తరగతిలో పక్కన కూర్చునేవారిని పిలిచి, చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చిందా, టీకా వేయించారా అని అడిగి, రెండూ లేనివారికి మూడు రోజుల్లోపు, ఆలస్యమైతే అయిదు రోజుల్లోపు టీకా వేయిస్తే చాలామందిలో జబ్బు రాకుండానో, తేలికగానో పోతుంది. తల్లులకు ఫోన్ చేసి కనుక్కోమంటే విద్యార్థుల జ్ఞాపకం కన్నా నమ్మదగిన సమాధానం వస్తుంది. రోగిని ఇంటికి పంపి చేతులు దులుపుకున్న హాస్టల్లో ఈ పని జరగదు. పదిహేను రోజుల తర్వాత అదే గదిలో మరో ఇద్దరికి పొక్కులు లేచినప్పుడు మళ్లీ ఎక్కడి నుంచి వచ్చిందని ఆశ్చర్యపోవడం జరుగుతుంది.

ఈ పోలికనంతా తలకిందులు చేయగలిగినది హాజరు నిబంధన. జేఎన్‌టీయూ హైదరాబాద్ పరిధిలో పరీక్ష రాయాలంటే 75 శాతం హాజరు ఉండాలి. 65కు తగ్గకుండా ఉంటే తగిన కారణం చూపి, రుసుము చెల్లించి కండోనేషన్, అంటే హాజరు లోటుకు మన్నింపు, పొందవచ్చు. మిగతా విశ్వవిద్యాలయాల్లోనూ కొద్ది తేడాలతో ఇదే పద్ధతి. పది రోజుల జబ్బు ఒక్కటే ఎవరినీ 75 కిందికి దించదు. కానీ అప్పటికే పెళ్లిళ్లకో, పండుగలకో, మరో జ్వరానికో తరగతులు పోగొట్టుకున్న విద్యార్థికి మార్చి నెలలో ఆ పది రోజులు దొరకవు. అతడు పూర్తి చేతుల చొక్కా వేసుకుని ల్యాబ్‌కు వస్తాడు, మొహం మీద పొక్కులు లేచేదాకా ఎవరికీ చెప్పడు. ఇంటికి పంపుతారని తెలిసిన చోట ఈ దాచిపెట్టడం మరింత ఎక్కువ. కాబట్టి హెల్త్ సెంటర్ సూచనపై విడిగా ఉన్న రోజులను హాజరు లెక్కలోంచి తీసివేసి, మిడ్ పరీక్ష తప్పితే మళ్లీ పెడతామని ముందే లిఖితపూర్వకంగా చెప్పిన విశ్వవిద్యాలయంలోనే క్యాంపస్ ఐసొలేషన్ ఫలిస్తుంది. ఆ ఉత్తర్వు లేకుండా ఎన్ని గదులు కేటాయించినా అవి ఖాళీగానే ఉంటాయి.

మూడో దారి, హాస్టల్ మూసివేయడం, ఆటలమ్మ విషయంలో అన్నిటికన్నా నాసిరకం. భయపడి వారమో పది రోజులో సెలవు ప్రకటిస్తారు; పొక్కులు రావడానికి పట్టే కాలమే పది రోజుల పైన కాబట్టి, సోకినవారు ఇంట్లో ఆరోగ్యంగా గడిపి సరిగ్గా అంటించే సమయానికి తిరిగి హాస్టల్‌కు చేరుకుంటారు. నిజంగా ఉపయోగపడాలంటే మూడు వారాలు మూయాలి. పదహారు వారాల సెమిస్టర్‌లో అది ఎవరూ భరించలేనిది. లక్షణాలు బయటపడడానికి ఇంత కాలం పట్టని జబ్బుల్లో సైతం మూసివేత చేటు చేస్తుందని 2020 ఆగస్టులో అమెరికాలో తేటతెల్లమైంది. చాపెల్ హిల్‌లోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం ఆగస్టు 10న తరగతులు మొదలుపెట్టి, వారం తిరిగేసరికి కోవిడ్ కేసులు పెరిగి డిగ్రీ తరగతులను ఆన్‌లైన్‌కు మార్చి, విద్యార్థులు చాలామంది గదులు ఖాళీ చేసి వెళ్లే పరిస్థితి తెచ్చుకుంది. అదే నెలలో అదే కష్టం వచ్చిన నోట్రడామ్ విశ్వవిద్యాలయం విద్యార్థులను క్యాంపస్‌లోనే ఉంచి, రెండు వారాలు మాత్రం ఆన్‌లైన్ బోధన చేసి, సెప్టెంబరు మొదట్లో దశలవారీగా తరగతి గదులు తెరిచింది. సోకిన విద్యార్థులను దేశం నలుమూలల ఇళ్లకు పంపడం చేయకూడని పని అని అమెరికా అంటువ్యాధుల నిపుణుడు ఆంథొనీ ఫౌచీ హెచ్చరించినది ఆ రోజుల్లోనే.

ఈ తీర్పును అన్ని జబ్బులకూ వర్తింపజేయకూడదు. గవదబిళ్లలకు వాపు మొదలైన తర్వాత అయిదు రోజులు విడిగా ఉంచితే సరిపోతుంది. కళ్లకలక 2023 వర్షాకాలంలో వచ్చినంత ఉధృతంగా వస్తే అందరికీ విడి గదులు దొరకవు. తరగతికి రానక్కరలేదని చెప్పి, తువ్వాలు, కంటి చుక్కలు పంచుకోకుండా చూడడమే చేయగలిగింది. డెంగీకి కావలసింది విడి గది కాదు, దోమతెర. పచ్చకామెర్లు ఒకే హాస్టల్లో వారంలో నలుగురికి వస్తే వారిని ఎక్కడ ఉంచాలన్న చర్చ కన్నా ముందు మంచినీటి ట్యాంకు, మెస్ వంటవారి చేతులు చూడాలి. ఇలా నీళ్ల ద్వారా, తిండి ద్వారా పాకే కామెర్ల వైరస్ హెపటైటిస్ ఏ, కళ్లు పచ్చబడక ముందే రెండు వారాల పాటు అంటిస్తూ ఉంటుంది. క్షయ విషయంలో ఇంటికి పంపడం కన్నా, ప్రభుత్వ క్షయ రోగుల నమోదు వ్యవస్థ అయిన నిక్షయ్‌లో నమోదు చేసి అక్కడే మందులు మొదలుపెట్టించడం ముఖ్యం. మందులకు లొంగే క్షయ అయితే, సక్రమంగా వాడిన రెండు వారాలకు వైద్యుడి అనుమతితో తరగతికి రావచ్చు.

ఆటలమ్మకు తిరిగి వస్తే, తల్లిదండ్రులు స్వయంగా వచ్చి తీసుకువెళ్తామన్నప్పుడు కాదనడం కష్టం. బాసర, నూజివీడు, ఇడుపులపాయ వంటి ట్రిపుల్ ఐటీల్లో పదో తరగతి పూర్తికాగానే చేరిన మైనర్లుంటారు, వారి విషయంలో తల్లిదండ్రుల నిర్ణయమే చెల్లుతుంది. అప్పుడు హెల్త్ సెంటర్ మొదటి మోతాదు మందు అక్కడే వేయించి, బస్సు, రైలు వద్దని చెప్పి, ఇంట్లో గర్భిణులు, పసిపిల్లలు ఉన్నారేమో అడిగి, ఏ లక్షణం కనిపిస్తే ఆస్పత్రికి వెళ్లాలో తెలుగులో రాసి ఇవ్వాలి. తిరిగి రావడానికి పొక్కులన్నీ పక్కు కట్టడమే కొలత. పక్కులు రాలి, మచ్చలు మాసిపోయే వరకు ఆగమనడం అనవసరం. ఆ మచ్చలు నెలల తరబడి ఉంటాయి, వాటి నుంచి అంటుకునేదేమీ లేదు. ఈ మాట మెస్‌లో పక్కన కూర్చునేవారికి, వడ్డించేవారికి కూడా ముందే చెప్పి ఉంచాలి.