ఎల్‌డాక్: నాకు 990 కంటే 660 నయం

నా దగ్గరున్న ఎల్‌డాక్ బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ బ్యాటరీ గురించీ, నాయిస్ క్యాన్సిలేషన్ గురించీ ఇప్పటికే బోలెడంత మంది రాశారు. ఏడాదికి పైగా వాడాక నేను చెప్పాలనుకున్నది ఒక్కటే, ఫోన్‌లో ఉండే ఆడియో క్వాలిటీ సెట్టింగ్. దాని మీద నాకు కోపం ఇంకా తగ్గలేదు.

ఎల్‌డాక్ అంటే బ్లూటూత్‌లో పాటను ఎక్కువ డేటాతో పంపే సోనీ వాళ్ల పద్ధతి (కోడెక్). ఆండ్రాయిడ్ ఫోన్లలోకి అది 2017లోనే ఆండ్రాయిడ్ 8తో వచ్చింది. ఆన్ చేసుకోవడం తేలికే. కానీ ఎంత బిట్‌రేట్‌లో, అంటే సెకనుకు ఎంత డేటా పంపాలో ఎంచుకునే చోటు మాత్రం డెవలపర్ ఆప్షన్స్ అనే దాచిన మెనూలో ఉంది. అది తెరుచుకోవాలంటే ఫోన్ సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద 7 సార్లు నొక్కాలి. పాటలు వినేవాళ్లకు ఈ తిప్పలెందుకు?

అక్కడ 330, 660, 990 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) ఉంటాయి. సిగ్నల్‌ను బట్టి ఫోనే మార్చుకునే ‘బెస్ట్ ఎఫర్ట్’ ఇంకొకటి. నేను 990 పెట్టుకుని రాత్రిపూట వీణ కచేరీలు వినేవాణ్ణి. తీగ మీద వేలు జారే చప్పుడు, వెనక తంబురా నాదం విడివిడిగా వినిపించేవి. ఎంత బాగుండేదో!

అమీర్‌పేట మెట్రోలో కథ మారింది. రెండు లైన్లు కలిసే స్టేషన్, పైగా ఆఫీసు టైమ్. ఫోన్ వెనక జేబులో పెట్టుకుని మెట్లు దిగుతుంటే రాగం ముక్కలు ముక్కలైపోయింది. ఫోన్ చేతిలోకి తీస్తే సర్దుకుంటుంది, జేబులో పెట్టగానే మళ్లీ అదే. బ్లూటూత్ నడిచేది 2.4 గిగాహెర్ట్జ్‌లో. చుట్టూ ఉన్న వందల ఇయర్‌బడ్స్‌ది, చాలా వైఫైలదీ అదే దారి. మన ఒళ్లు కూడా ఆ సిగ్నల్‌ను అడ్డుకుంటుంది. 990లో పంపాల్సిన డేటా ఎక్కువ కాబట్టి, దారిలో పోయినదాన్ని మళ్లీ పంపడానికి వ్యవధి ఉండదు. అక్కడే నిలబడి 660కి మార్చాను. మళ్లీ తెగలేదు.

ఆ రాత్రి అదే కచేరీని 660లో, 990లో మార్చి మార్చి విన్నాను. వేలు జారే చప్పుడు రెండింట్లోనూ ఉంది! ఏది ఏదో చెవికి తెలియలేదు. నా సంతోషం ఇంతా అంతా కాదు.

కోపమల్లా ఇక్కడే: హెడ్‌ఫోన్స్ ఆఫ్ చేసి మళ్లీ కలపగానే నా ఫోన్ 660ని మరిచిపోయి బెస్ట్ ఎఫర్ట్‌కి వెళ్లిపోతుంది. రోజూ మెట్రో ఎక్కేముందు మళ్లీ లోపలికెళ్లి మార్చాలి. ఒకసారి ఎంచుకున్నది అలాగే ఉంచితే ఏం పోతుంది? పైగా ఫోన్‌తో పాటు లాప్‌టాప్‌ను కూడా కలిపితే ఈ హెడ్‌ఫోన్స్‌లో ఎల్‌డాక్ పోయి, తక్కువ డేటాతో పంపే ఏఏసీ అనే మరో కోడెక్ వస్తుంది.

అయినా నేను మళ్లీ ఇవే కొంటాను. నాది లాస్‌లెస్ (రికార్డింగులో ఏదీ పోకుండా వచ్చే) పాటల సబ్‌స్క్రిప్షన్, వినేది ఎక్కువగా వీణ. ఐఫోన్ వాడేవాళ్లకు ఎల్‌డాక్ లేనే లేదు, వాళ్లు దీనికోసం అదనంగా డబ్బు పెట్టక్కర్లేదు. మా నాన్నగారు అడిగితే ఏఏసీలోనే ఉంచెయ్యమన్నాను. ఆయన వినేవి పాత రేడియో రికార్డింగులు, వాటికి అది చాలు.