పటమటలో ఆదివారం ప్రాజెక్టు క్లాసులు: మా బాబు అనుభవం

మా బాబు ఏడో తరగతి. విజయవాడ పటమటలో ప్రాజెక్టుల ద్వారా సైన్స్ నేర్పించే సెంటర్‌లో ఆరు వారాలకి చేర్పించాం. ప్రాజెక్టు అంటే నాకు తెలిసింది థర్మాకోల్, ఫెవికాల్, రాత్రి పదకొండింటికి అమ్మానాన్నలు కూర్చుని అంటించడం. ఇక్కడ మేడం మొదటి రోజు ఒక్క ప్రశ్న అడిగి ఊరుకున్నారట: 2024 సెప్టెంబరులో సింగ్ నగర్ ఎందుకు మునిగింది? మావాడు టక్కున కృష్ణ పొంగిందన్నాడు. ముంచింది బుడమేరు వాగు నీళ్లేనని పిల్లలు వాళ్లంతట వాళ్లు తెలుసుకోవడానికి రెండు వారాలు పట్టింది, మ్యాప్ గీశారు, అక్కడివాళ్లని అడిగారు, ట్రేలో మట్టి పోసి కాలువ కట్టి గండి కొట్టి చూశారు. ఇంటికొచ్చి నన్నే నిలదీయడం, "ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లున్నాయి కదా నాన్నా, మరి బుడమేరు నీళ్లు కృష్ణలోకి ఎందుకు పోలేదు?" అని. నాకు తెలిస్తేగా! నది నిండుగా ఉంటే, బుడమేరుని కృష్ణలోకి మళ్లించే డైవర్షన్ కాలువ నీళ్లు అందులోకి దిగవని తర్వాత వాడే చెప్పాడు.

చిరాకు తెప్పించింది ఫీజు. 3,500 అన్నారు, చివర్లో సామాన్లకని ఇంకో 600. పాతికమందికి ఒక్కరే టీచరు, గ్రూపులో ఇద్దరు చేస్తుంటే మిగతావాళ్లు చూస్తూ కూర్చుంటున్నారు. స్కూల్లో మార్కులు పెరుగుతాయని మాత్రం చేర్పించకండి, మావాడికి పెరగలేదు. అయినా దసరా సెలవుల బ్యాచ్‌కి మళ్లీ పేరు ఇచ్చాం.