పీ53 కోసం డీఓ-1 యాంటీబాడీ: మూడేళ్ళు వాడాక చెప్తున్నా

మా ల్యాబ్‌లో పని బ్రెస్ట్ క్యాన్సర్ సెల్స్ మీద, క్యాన్సర్‌ని అడ్డుకునే ప్రొటీన్ పీ53 కోసం బ్లాట్ (ప్రొటీన్లని జెల్‌లో బరువుని బట్టి విడదీసి, యాంటీబాడీతో బ్యాండ్‌గా చూసే పరీక్ష) వెయ్యకుండా వారం గడవదు. కొత్తగా చేరినవాళ్ళు ఏ యాంటీబాడీ కొనాలి అక్కా అని అడుగుతూనే ఉంటారు, అందుకే ఒకసారి వివరంగా రాసేస్తున్నా.

ముందు వేరే పాలీక్లోనల్ (ఒకే ప్రొటీన్‌లో చాలా చోట్ల అతుక్కునే యాంటీబాడీల మిశ్రమం) ఒకటి తెప్పించాం. బ్యాండ్లు బానే వస్తున్నాయి కదా అని రెండు నెలలు దాంతోనే లాగించాం, తర్వాత ఓ రోజు హెచ్1299 అనే లంగ్ క్యాన్సర్ సెల్స్ లైసేట్ (సెల్స్ పగలగొట్టి తీసిన ద్రవం) పక్కన లోడ్ చేస్తే అందులోనూ అదే బ్యాండ్. ఆ సెల్స్‌లో పీ53 అసలు ఉండదు! అంటే రెండు నెలలు మేం చూసింది ఇంకేదో. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

తర్వాత డీఓ-1 కొన్నాం. మొదటి బ్లాట్‌లోనే ఎంసీఎఫ్-7 బ్రెస్ట్ క్యాన్సర్ సెల్స్‌లో సన్నటి బ్యాండ్, డీఎన్ఏని దెబ్బతీసే మందు డాక్సోరూబిసిన్ ఇచ్చినవాటిలో బాగా చిక్కగా, ఎండీఏ-ఎంబీ-231 అనే ఇంకో రకం బ్రెస్ట్ క్యాన్సర్ సెల్స్‌లో మ్యుటెంట్ (మార్పు చెందిన) పీ53 పేరుకుపోయి ఉంటుంది కాబట్టి అక్కడా గట్టిగానే వచ్చింది, హెచ్1299 లేన్ మాత్రం ఖాళీ. ఆ ఖాళీ లేన్ చూస్తే ఎంత ప్రాణం లేచొచ్చిందో. ప్రొటీన్ అసలు బరువు 44 కిలోడాల్టన్ల లోపే, అయినా జెల్‌లో 53 దగ్గర కనిపిస్తుంది, కంగారు పడకండి.

ఇది పీ53ని కనిపెట్టినవాళ్ళలో ఒకరైన డేవిడ్ లేన్ గ్రూప్ 1992లో పేపర్ వేసిన మౌస్ క్లోన్ (ఎలక నుంచి వచ్చిన, ఒకే చోట అతుక్కునే యాంటీబాడీ), రకం ఐజీజీ2ఏ. పాత పేపర్లలో చాలావాటిలో ఇదే ఉంటుంది, మన రిజల్ట్ పోల్చుకోడానికి బాగా పనికొస్తుంది.

ఇక జాగ్రత్తలు. 393 అమైనో ఆమ్లాల ప్రొటీన్‌లో ఇది పట్టుకునేది మొదట్లోనే, 20 నుంచి 25 మధ్య ముక్కని. కాబట్టి ఆ ముక్క లేని డెల్టా133 లాంటి పొట్టి ఐసోఫామ్‌లు (అదే ప్రొటీన్ వేరే రూపాలు) దీనికి కనపడవు. సెరీన్ 20 మీద ఫాస్ఫేట్ పడితే కూడా సరిగ్గా అతుక్కోదు, డీఎన్ఏ దెబ్బతిన్నప్పుడు అలా పడుతుంది కాబట్టి డీఎన్ఏ డ్యామేజ్ ఎక్స్‌పెరిమెంట్లు చేసేవాళ్ళు ఇది తప్పకుండా గుర్తుంచుకోవాలి, అవతలి చివర పట్టుకునే యాంటీబాడీతో కూడా ఒకసారి చూసుకోండి. మామూలుదాన్నీ మ్యుటెంట్‌నీ రెండింటినీ పడుతుంది, బ్యాండ్ వచ్చింది కదా అని మ్యుటేషన్ ఉందని రాసేయకండి.

ఎలక పీ53ని పట్టుకోదు. ఎలకలో పెంచిన హ్యూమన్ ట్యూమర్ స్లైడ్స్‌కి ఇది వరమే, కాకపోతే సెకండరీ (డీఓ-1ని పట్టుకుని కనపడేలా చేసే రెండో యాంటీబాడీ), ఎలక టిష్యూలో ఉన్న ఐజీజీని (ఎలక సొంత యాంటీబాడీని) కూడా పట్టేసి బ్యాక్‌గ్రౌండ్ ఇస్తుంది, దానికి విడిగా బ్లాకింగ్ చెయ్యాలి. దీంతో ఐపీ (యాంటీబాడీతో ప్రొటీన్‌ని లాగి బయటికి తియ్యడం) చేసి మళ్ళీ దీంతోనే బ్లాట్ వేస్తే, యాంటీబాడీలోని పెద్ద ముక్క, అంటే హెవీ చైన్, 50 దగ్గర పడి పీ53ని కప్పేస్తుంది, అక్కడ బ్లాట్‌కి రాబిట్ యాంటీబాడీ వాడండి.

వయల్ రాగానే చిన్న అలికోట్లు (విడి ట్యూబుల్లో కొంచెం కొంచెం) చేసి పెట్టుకోండి, ఒకటే వయల్ పదేపదే కరిగించి గడ్డకట్టిస్తే పాడవుతుంది. ఇంకోటి, ఎవరి డైల్యూషనో (ఎంత పలచన చేశారో) కాపీ కొట్టకుండా మీ లైసేట్ మీదే మూడు నాలుగు రకాలు వేసి చూడండి, పక్కన హెచ్1299 లేన్ మాత్రం ఎప్పుడూ ఉంచండి.