మొదటి వాయిద్యం: అద్దెకా, సెకండ్ హ్యాండా?

డబ్బు: అద్దెకు మొదట కట్టేది తక్కువ, కానీ నెలలు గడిచేకొద్దీ మొత్తం పెరుగుతుంది. సెకండ్ హ్యాండ్‌కు ఒకేసారి పెట్టాలి. మానేస్తే తిరిగి అమ్ముకోవచ్చు.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. పాత గిటార్ నెక్ (తీగలను వేళ్లతో నొక్కే పొడవాటి భాగం) వంగి ఉంటే తీగలు పైకి లేచి ఉంటాయి, నొక్కేసరికి పిల్లల వేళ్లు నొప్పి పుడతాయి. లోపం తమదేనని మానేసేవాళ్లను చూస్తే బాధేస్తుంది. కొనేముందు వాయించడం తెలిసినవాళ్లకు చూపించండి. అద్దెదైతే రిపేరు ఎవరిదో ఒప్పందంలో చదవండి.

సైజు: వయొలిన్‌లో 1/4, 1/2, 3/4 లాంటి చిన్న సైజులు ఉంటాయి, పిల్లలు ఎదిగేకొద్దీ మార్చాలి.

ఎదిగే వయసులో వయొలిన్‌కి, ఆసక్తి నిలుస్తుందో లేదో తెలియనప్పుడు అద్దె మేలు. కీబోర్డుకి, ఫుల్ సైజు గిటార్‌కి సెకండ్ హ్యాండే నయం. తర్వాత కొనేస్తే, కట్టిన అద్దెను ధరలో తగ్గించే స్కీం ఉందేమో ముందే అడగండి.