తెల్లజుట్టు నల్లబడుతుందని అమ్మే గమ్మీల కిట్: జాగ్రత్త, కొనేముందు ఒకసారి చదవండి

పూర్తిగా చదివే ఓపిక లేనివాళ్ల కోసం అసలు విషయం ముందే చెప్పేస్తాను. "మూడు నెలల్లో కుదుళ్ల నుంచి నలుపు" అంటూ ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాలో తిరుగుతున్న గమ్మీలు, క్యాప్సూల్స్, నూనె కలిపిన కిట్‌లు కొనకండి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లయితే అసలే వద్దు. కంపెనీ పేరు రాయడం లేదు. ఒక పేరు రాస్తే మిగతావన్నీ మంచివేమో అనుకుంటారు, ఈ సరుకేమో డబ్బా రంగు మార్చుకుని రోజుకో పేరుతో కనిపిస్తోంది.

అమ్మే పద్ధతి ముందు చెబుతాను, ఎందుకంటే మోసమంతా అక్కడే ఉంది. ప్రకటన నొక్కితే క్విజ్ వస్తుంది. వయసెంత, నిద్ర సరిగ్గా పడుతుందా, టెన్షన్ ఎక్కువా, నాన్నగారికి ఎప్పుడు నెరిసింది, ఇలా బోలెడు ప్రశ్నలు. చివర్లో "మీ జుట్టు రివర్స్ అయ్యే అవకాశం 92 శాతం" అని పచ్చ రంగులో ఒక గీత. మా తమ్ముడు సరదాకి తన ఫోన్‌లో 61 ఏళ్లు, షుగర్ ఉంది, తల మొత్తం నెరిసింది అని నింపాడు. వాడికీ అదే 92 శాతం, అదే కిట్, అదే రేటు!

నంబర్ ఇచ్చాక పది నిమిషాల్లో ఫోన్. "నమస్తే మేడమ్, నేను మీ హెయిర్ కోచ్‌ని." నాకు కొన్నేళ్లుగా థైరాయిడ్ ఉంది, రోజూ పొద్దున్నే మాత్ర వేసుకుంటాను, ఇవి వాడొచ్చా అని స్పష్టంగా అడిగాను. "అంతా నేచురలే మేడమ్, పరగడుపున మీ టాబ్లెట్‌తో పాటే వేసేసుకోండి, మర్చిపోకుండా ఉంటుంది" అన్నాడు. వాట్సాప్‌లో కూడా అదే పంపించాడు, పక్కన ఒక ఆకు బొమ్మ పెట్టి మరీ. దాదాపు ఐదు వేలు, క్యాష్ ఆన్ డెలివరీ.

వాడటం మొదలయ్యాక మామూలుగా చేయించుకునే థైరాయిడ్ టెస్టు టైమ్ వచ్చింది. మందు ఎక్కువైతే తగ్గి, చాలకపోతే పెరిగే టీఎస్‌హెచ్ ఎప్పుడూ లేనంత కిందకి పడిపోయింది, రక్తంలో థైరాయిడ్ హార్మోన్ ఎంతుందో చెప్పే ఎఫ్‌టీ4 పైన ఉంది. కాగితం చూస్తే మాత్ర డోసు నాకు ఎక్కువైపోయినట్టు. గుండె దడ లేదు, చెమటలు లేవు, బరువు తగ్గలేదు. డాక్టరమ్మ డోసు తగ్గించబోతూ ఆగి, "జుట్టుకి, గోళ్లకి ఏమైనా వాడుతున్నారా?" అని అడిగారు. డబ్బా ఫోటో చూపించాను. వెంటనే వేలు పెట్టి చూపించారు, బయోటిన్ అనే బీ విటమిన్ 10,000 మైక్రోగ్రాములు. మామూలు మనిషికి రోజుకు 30 మైక్రోగ్రాములు చాలు. అంటే ఒక్క గమ్మీలో మూడు వందల రోజులకు పైగా సరిపడేంత.

బయోటిన్ ఇంత ఎక్కువైతే శరీరానికి ఏదో అయిపోతుందని కాదు, అది రక్తపరీక్షను పాడుచేస్తుంది. చాలా ల్యాబ్ మిషన్లలో పరీక్ష చేసే రసాయనంలోనే బయోటిన్ ఉంటుంది, మన రక్తంలోనూ అదే నిండి ఉంటే లెక్క తప్పుతుంది. ఆ పద్ధతిలో చేస్తే టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా, ఎఫ్‌టీ4 ఎక్కువగా చూపిస్తుంది. గుండెపోటు వచ్చిందో లేదో చూసే ట్రోపోనిన్ పరీక్ష కూడా ఇలాగే తప్పుగా తక్కువ రావచ్చు. అమెరికాలో మందులను పర్యవేక్షించే ఎఫ్‌డీఏ 2017 నవంబరులోనే దీని మీద హెచ్చరిక ఇచ్చింది, అందులో ఒక మరణం సంగతి కూడా ఉంది. ఛాతీ నొప్పితో ఆసుపత్రికి వెళ్లిన మనిషికి జుట్టు గమ్మీ వల్ల రిపోర్టు నార్మల్ అని వస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి.

గమ్మీలు, క్యాప్సూల్స్ అన్నీ ఆపేసి వారం తర్వాత మళ్లీ రక్తం ఇస్తే టీఎస్‌హెచ్ తక్కువ కాదు కదా, నాకు మామూలుగా వచ్చేదానికంటే ఎక్కువే వచ్చింది! కారణం ఆ కిట్‌లోనే ఉన్న రెండో డబ్బా. ఆ క్యాప్సూల్‌లో ఐరన్ ఉంది. థైరాయిడ్ మాత్రతో పాటు ఐరన్ గానీ కాల్షియం గానీ వేసుకుంటే మాత్ర ఒంటికి సరిగ్గా పట్టదు, మధ్యలో కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. కోచ్ చెప్పినట్టు పరగడుపున రెండూ కలిపి మింగడం వల్ల మాత్ర సగం వృథా. అసలు మందు చాలక ఇబ్బంది పడాల్సిన మనిషికి, మందు ఎక్కువైందని తప్పుడు రిపోర్టు. డాక్టరమ్మ ఆ ఒక్క ప్రశ్న అడగకపోతే ఉన్న డోసు కూడా తగ్గిపోయేది.

ఇక జుట్టు. ఏమీ కాలేదు. కణతల దగ్గర, పాపిట దగ్గర ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. అంతకంటే చిరాకు ఏంటంటే కిట్‌తో ఫ్రీగా వచ్చిన "మూలికల నూనె". రాసుకున్న రెండో రోజుకే తెల్ల వెంట్రుకలు గోధుమ రంగులోకి వచ్చాయి, కోచ్ ఫోన్ చేసి "చూశారా మేడమ్ మొదలైంది" అన్నాడు. మొదలైంది దిండు గలీబు మీద. నల్లటి మరకలు, గోళ్ల అంచులు కూడా నలుపు, తలస్నానం చేస్తే నీళ్లు కాఫీ రంగులో పోయాయి, జుట్టు మళ్లీ తెల్లగా. లేబుల్ మీద రంగు పేరు ఒక్కటీ లేదు, గుంటగలగర, ఉసిరి, కరివేపాకు, నువ్వుల నూనె అంతే. ఇవేవీ దిండుకి అలా అంటుకోవని మన ఇళ్లలో నూనె కాచుకునే ఎవరికైనా తెలుసు. హెయిర్ డైలలో వాడే పీపీడీ పడనివాళ్లకి మొహం వాచిపోతుంది, దురదలు, పొక్కులు వస్తాయి. రంగు దిగే నూనె ఏదైనా తలకు పెట్టేముందు చేతి మడత దగ్గర కాస్త రాసి రెండు రోజులు చూడండి. లేదా నాలాగా చెత్తబుట్టలో పడేయండి.

ప్రకటనలో చూపించే ఫోటోల గురించి ఒక్క మాట. బయటకు వచ్చిన వెంట్రుక ప్రాణం లేనిది, దానికి లోపలి నుంచి రంగు చేరదు. ఏ మందైనా పనిచేస్తే కుదురు దగ్గర కొత్తగా వచ్చే ముక్కే నల్లగా రావాలి. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, అంటే మూడు నెలలకు మూడు సెంటీమీటర్లు. మరి ఆ ఫోటోలో ఉన్న ఆవిడకి నడుం దాకా ఉన్న జడ కొస వరకు నల్లబడింది! అది రంగు వేసిన జడ.

నేను గొడవ పెట్టుకున్నప్పుడు కోచ్ "రీసెర్చ్ ఉంది మేడమ్" అని వరసగా లింకులు పంపాడు. తెరిచి చూశాను. కెటలేజ్ అనే ఎంజైమ్ గురించి ఒకటి. నెరిసిన వెంట్రుకల్లో హైడ్రోజన్ పెరాక్సైడ్ పేరుకుంటుందని, దాన్ని విరగ్గొట్టే కెటలేజ్ తగ్గిపోతుందని 2009లో బ్రిటన్ శాస్త్రవేత్తలు రాసిన మాట నిజమే. కానీ కెటలేజ్ ఒక ప్రోటీన్. ఉడికించిన గుడ్డు తిన్నా, కెటలేజ్ మాత్ర మింగినా పొట్టకు ఒకటే, అరిగించేస్తుంది, వెంట్రుక కుదురు దాకా పంపించదు. ఇదే కెటలేజ్ మాత్రలు అమెరికాలో "గెట్ అవే గ్రే", "గో అవే గ్రే", "గ్రే డిఫెన్స్" అని అమ్మితే, ఆధారం లేకుండా నలుపు తెప్పిస్తామన్నారని 2015లో అక్కడి ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెట్టింది. అక్కడ అలా దొరికిపోయిన సరుకు ఇక్కడ కొత్త కనిపెట్టుడులా దిగింది.

మిగతా లింకులు ఎలుకలవి. 2023లో న్యూయార్క్ యూనివర్సిటీ వాళ్లు రంగు కణాలకు మూలమైన స్టెమ్ సెల్స్ ఒకచోట ఇరుక్కుపోవడం వల్ల నెరుస్తుందని చూపించింది ఎలుకల్లో. ఇప్పుడు కొత్తగా లూటియోలిన్ అనే మొక్కల పదార్థం ఒకటి వస్తోంది, జపాన్‌లో నగోయా యూనివర్సిటీ వాళ్ల పని, అదీ ఎలుకల్లోనే, అదీ నెరవకుండా ఆపడం గురించి. మనుషుల మీద చేసింది ఒక్కటి పంపాడు, 2021లో కొలంబియా యూనివర్సిటీది. అందులో కొన్ని తెల్ల వెంట్రుకలు మళ్లీ రంగు తిరగడం నిజంగానే చూశారు, ఒకరికైతే సెలవులకు వెళ్లి విశ్రాంతి తీసుకున్నప్పుడు ఐదు వెంట్రుకలు నల్లబడ్డాయి. ఐదు! గమ్మీలు కూడా ఏమీ తినలేదు, సెలవు పెట్టుకున్నారంతే.

పోషకాహారానికి జుట్టు రంగుకి సంబంధమే లేదని నేను అనడం లేదు. బీ12 బాగా తక్కువైతే నెరుస్తుంది, అది సరిచేస్తే కొందరికి రంగు తిరిగి వచ్చిన సందర్భాలున్నాయి. థైరాయిడ్ తేడా, ఐరన్ నిల్వలు తగ్గడం, రాగి లోపం కూడా ఈ లెక్కలోకి వస్తాయి. మనవాళ్లలో 25 ఏళ్లలోపే నెరిస్తే దాన్ని బాలనెరుపు అంటారు, అలాంటి పిల్లలకి బీ12, ఐరన్ నిల్వలు చెప్పే ఫెరిటిన్, టీఎస్‌హెచ్, విటమిన్ డి చూపించడం అర్థమున్న పని. బీ12 ఆకుకూరల్లో ఉండదు, పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసంలోనే ఉంటుంది, కాబట్టి శాకాహారులు, అందులోనూ పాలు పెరుగు మానేసినవాళ్లు చూసుకోవాలి. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లకి, గ్యాస్ మాత్రలు రోజూ మింగేవాళ్లకి కూడా బీ12 తగ్గుతుంది. లోపం తేలితే డాక్టరు రాసిచ్చే మామూలు బీ12 మాత్రకి ఈ కిట్ ఖరీదులో పదో వంతు కూడా కాదు. లోపం లేకపోతే, అమ్మానాన్నల నుంచి వచ్చిన నెరుపుకి గానీ వయసు నెరుపుకి గానీ ఎంత మింగినా ఉపయోగం లేదు. పైగా కొన్ని ఎక్కువైతే ఎదురు తన్నుతాయి. జింక్ ఎక్కువ కాలం ఎక్కువగా తింటే రాగి తగ్గిపోతుంది, జుట్టుకు రంగునిచ్చే మెలనిన్ తయారవ్వాలంటే కావలసింది ఆ రాగే. సెలీనియం, విటమిన్ ఎ మితిమీరితే జుట్టు రాలుతుంది. నా డబ్బాలో జింక్, సెలీనియం రెండూ "ప్రొప్రైటరీ బ్లెండ్" అనే ఒక్క మాట కింద దాక్కున్నాయి, ఏది ఎంతో రాయలేదు.

డబ్బా మొత్తం వెతికాను, "తెల్లజుట్టు" అన్న మాట ఒక్కచోట కూడా లేదు. "సపోర్ట్స్ హెయిర్ హెల్త్" అని ముందు, "నాట్ ఫర్ మెడిసినల్ యూజ్" అని వెనక చీమ తలంత అక్షరాల్లో. నలుపు, రివర్స్, గ్యారంటీ అన్నీ ప్రకటనలోనూ కోచ్ నోట్లోనూ మాత్రమే. ఇది పొరపాటున జరిగింది కాదు. మన దేశంలో డ్రగ్స్ రూల్స్‌లో షెడ్యూల్ జె అని ఒకటుంది, ఫలానా వాటిని నయం చేస్తామని ఏ మందూ చెప్పుకోకూడదని. ఆ జాబితాలో క్యాన్సర్, ఎయిడ్స్ పక్కనే జుట్టు రంగు మార్చడం, బాలనెరుపు కూడా ఉన్నాయి. అందుకే వీళ్లు మందు అనరు, ఆహారం అంటారు. ఆహారం అన్నాక ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే నంబర్ ఉంటుంది, కోచ్ దాన్నే "గవర్నమెంట్ అప్రూవ్డ్" అని చదివి వినిపిస్తాడు. ఆ 14 అంకెలు వ్యాపారం చేసుకోవడానికి లైసెన్సు, జుట్టు నల్లబడుతుందని ఇచ్చిన సర్టిఫికెట్ కాదు.

"90 రోజుల మనీ బ్యాక్" కథ కూడా వినండి. ఒక్క రోజు కూడా మానకూడదట, వారం వారం వాళ్ల యాప్‌లో ఫోటో పెట్టాలట (ఆ యాప్‌లో ఫోటో ఎక్కి చస్తేగా), ఖాళీ డబ్బాలు వెనక్కి పంపాలట, 90 రోజులు నిండాక వారంలోపే అడగాలట. ఈ షరతులు డబ్బు కట్టేటప్పుడు ఎవరూ చెప్పలేదు. డాక్టరు ఆపమన్నారని చెబితే "అయితే కోర్సు పూర్తి చేయలేదు కదా మేడమ్" అని చేతులు దులిపేసుకున్నారు. అదే ఫోన్‌లో "మీ బాడీలో హీట్ ఎక్కువ, ముందు డిటాక్స్ తీసుకోండి" అని ఇంకో రెండు వేల ప్యాక్ అంటగట్టబోయాడు.

నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు పెట్టాక గానీ కదలిక రాలేదు. సీల్ తీయని డబ్బాలకు డబ్బు ఇస్తాం, ముందు మీ రివ్యూ తీసేయండి అన్నారు కంపెనీ వాళ్లు. తీయలేదు. ఆ డబ్బాల వరకు వచ్చింది, మిగతాది ఇంకా నడుస్తోంది. ఫిర్యాదులో పనికొచ్చింది బిల్లు కాదు, ప్రకటన స్క్రీన్‌షాట్, కోచ్ వాట్సాప్ మెసేజ్. నేను ఫిర్యాదు పెట్టిన మర్నాడే ఆ ప్రకటన మాయమైంది, స్క్రీన్‌షాట్ లేకపోతే నా దగ్గర మిగిలేది ఏ వాగ్దానమూ లేని ఒక డబ్బా.

ఇప్పటికే కొనేసి వాడుతున్నవాళ్లు ఇంట్లో ఉన్న డబ్బా తిప్పి బయోటిన్ ఎంతుందో చూడండి, జుట్టుకి గోళ్లకి అని మెడికల్ షాపులో ఇచ్చేవాటిలో కూడా ఉంటుంది. థైరాయిడ్ పరీక్షకి కనీసం రెండు రోజుల ముందు ఆపాలి, ఇంత పెద్ద డోసు అయితే ఇంకా ముందే ఆపాలేమో మీ డాక్టరుని అడగండి. రక్తం తీసేవాళ్లకి నోటితో చెప్పండి, మా ల్యాబ్‌లో ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదు.