బాలి ద్వీపానికా, ముక్తినాథ్‌కా, నాగార్జునసాగర్‌కా: ఏది మేలు?

మా అక్క కూతురు బెంగుళూరులో ఉద్యోగం చేస్తోంది. దసరాకి ఒడిశాలో మా బరంపురం వచ్చినప్పుడు వంటింట్లో నా పక్కన పీట వేసుక్కూర్చుని, "పిన్నీ, ఈ మధ్య మనసేం బాగోడం లేదే. రెండు వారాలు సెలవు పెట్టి బాలి వెళ్లి ఏదైనా ధ్యానశిబిరంలో చేరదామనుకుంటున్నా. నువ్వు ముక్తినాథ్ వెళ్లావు, సాగర్‌లో పది రోజులు కూర్చున్నావు. ఏది మేలంటావు?" అని అడిగింది. పోపు మాడుతోందన్న కంగారులో అప్పటికేదో చెప్పేశాను. ఆ రాత్రి పడుకున్నాక, ఇంకా చెప్పాల్సింది చాలా ఉందనిపించింది. ఇదే మాట అడిగేవాళ్లు మా వీధిలోనే మరో ఇద్దరున్నారు.

బాలి నేను చూడలేదు. వెళ్లొచ్చినవాళ్లు చెప్పగా విన్నదీ, చదివిందీ మాత్రమే. అక్కడి ఉబుద్ ఊళ్లో విదేశీయుల కోసం నడిపే శిబిరాల్లో నేర్పేది చాలావరకు మన ఆసనాలు, మన ప్రాణాయామమే. లెక్క మాత్రం డాలర్లలో. దానికోసం సముద్రం దాటక్కర్లేదు. అయితే బాలివాళ్ల సొంత భక్తి మీద నాకు చాలా గౌరవం. కొబ్బరాకుతో అల్లిన చిన్న తట్టలో పూలు పెట్టి రోజూ దేవుడికి సమర్పిస్తారు. శక సంవత్సరాది నాడు, మన ఉగాదికి అటూఇటూగా వచ్చే న్యేపి రోజున, ద్వీపమంతా మౌనంగా ఉంటుంది. పొయ్యి వెలిగించరు, పని చెయ్యరు, గడప దాటరు, వినోదం ఉండదు. విమానాశ్రయం కూడా మూసేస్తారు. వెళితే ఆ రోజుకి వెళ్లమంటాను. లేదంటే ఆ ఒక్క నియమం తెచ్చుకుని ఇంట్లోనే ఒక రోజు పాటించి చూడమంటాను.

ముక్తినాథ్ నా కళ్లారా చూశాను. మా పేటవాళ్లం నలభై మందిమి వంటవాళ్లతో సహా బస్సు కట్టించుకుని గయ, గోరఖ్‌పూర్, సొనౌలీ మీదుగా నేపాల్ వెళ్లాం. మనవాళ్లకి అక్కడికి వీసా అక్కర్లేదు. కానీ విమానంలో వెళ్తే పాస్‌పోర్టో ఓటరు కార్డో ఉండాలి, 15 నుంచి 65 ఏళ్ల లోపువాళ్లకి ఆధార్ చెల్లదు. గుడి 3,700 మీటర్లు దాటిన ఎత్తున ఉంది. కింద ఉన్న పోఖరా పట్టణం ఎత్తు వెయ్యి మీటర్లు కూడా లేదు. ఒక్క రోజులో అంత పైకెక్కితే తల పగిలిపోతుంది, నాకూ అదే అయింది. దారిలో జోమ్‌సోమ్‌లో ఒక రాత్రి ఆగడం మంచిది. మమ్మల్ని తీసుకెళ్లిన ఏజెంటు పైన రెండు రాత్రులుంచుతానన్నాడు. తీరా వెళ్లాక రెండు గంటలే ఇచ్చాడు.

ఆ రెండు గంటల్లోనే గుడి వెనక 108 ధారల కింద తడిశాను. ఇత్తడి ఆవు ముఖాల్లోంచి మంచు కరిగిన నీళ్లు పడుతున్నాయి. మొదటి ధారకే ఊపిరి ఆగినట్టయింది. పదో ధారకి గోవిందా అనడానికి నోరు కూడా తిరగలేదు. చివరికొచ్చేసరికి నేను ఎవరి కోడల్ని, ఎవరి తల్లిని, ఏదీ గుర్తులేదు. చలి ఒక్కటే ఉంది. బౌద్ధులకీ అది పుణ్యస్థలమే, గుళ్లో ఒక బౌద్ధ సన్యాసిని కూడా సేవలో ఉంది. మన వైష్ణవులకి 108 దివ్యదేశాల్లో అదొకటి. పక్కపక్కనే నిలబడి రెండు రకాలుగా దండం పెట్టుకుంటున్నారు, ఎవరికీ అడ్డం లేదు. ఆ నిమిషాలు నిజం. కానీ కిందకొచ్చి బస్సెక్కగానే కిటికీ సీటు కోసం మా వదినా నేనూ మాటామాటా అనుకున్నాం. అదీ నిజమే.

ఆ యాత్ర ఇచ్చిన మేలు ఇంకొకటుంది. బుద్ధుడు పుట్టిన లుంబినిలో అశోకుడి స్తంభం చూపించారు. పట్టాభిషేకమైన ఇరవయ్యో ఏట తానే వచ్చి పూజ చేసుకున్నానని, ఆ ఊరికి పన్ను తగ్గించానని దానిమీద చెక్కించాడు. అదే అశోకుడి శాసనం మా ఊరికి గంట దూరంలో, ఋషికుల్య దగ్గర జౌగడ బండ మీద ఉంది. యాభై ఏళ్లొచ్చాయి గానీ అప్పటిదాకా నేనది చూడలేదు. తిరిగొచ్చిన నెలలోనే వెళ్లాను. యుద్ధంలో పోయినవాళ్ల లెక్క చెప్పి బాధపడిన పదమూడో శాసనం మన కళింగంలో చెక్కించలేదట. దాని బదులు మనుషులంతా నా బిడ్డలని చెప్పిన శాసనం ఉంది. ఓడిపోయినవాళ్ల ఊళ్లో ఏ మాట అనాలో, ఏది అనకూడదో ఆలోచించి ఉంటాడని నాకనిపించింది. ఆ బండ దగ్గర చాలాసేపు కూర్చున్నాను.

కైలాసం గురించి నాలుగు మాటలే. అయిదేళ్లు ఆగిపోయిన యాత్ర 2025లో మళ్లీ మొదలైంది. ప్రభుత్వం ద్వారా వెళ్లాలంటే 18 నుంచి 70 ఏళ్ల లోపు ఉండాలి, ఢిల్లీలో ఆరోగ్య పరీక్షలు నెగ్గాలి. ప్రదక్షిణ యాభై కిలోమీటర్ల పైన, మధ్యలో డోల్మా కనుమ 5,600 మీటర్లు దాటుతుంది. అక్కడ నడకే తపస్సు, ఏజెంటు తొందరపెట్టినా కాళ్లు తొందరపడవు. ఒళ్లు సహకరించే వయసులో ఉన్నవాళ్లు డబ్బు కూడబెట్టి వెళ్లాల్సిన విదేశయాత్ర ఏదైనా ఉందంటే, నా లెక్కలో అదే.

ఇక సాగర్. నాగార్జునసాగర్ విపశ్యన ధ్యానకేంద్రంలో పది రోజులు. ఈ పద్ధతి కూడా విదేశం నుంచి తిరిగొచ్చిందే. గోయెంకాగారు బర్మాలో ఊ బా ఖిన్ అనే గురువు దగ్గర నేర్చుకుని 1969లో ఇక్కడికొచ్చి నేర్పడం మొదలుపెట్టారు. మన గంజాం, శ్రీకాకుళం జనం కూలికోసం గోపాల్‌పూర్ రేవులో ఓడెక్కి రంగం (రంగూన్) వెళ్లిన బర్మా అదే. మనవాళ్లు పొట్టకోసం పోయిన చోటి నుంచి ఈ విద్య రావడం నాకు చాలా ఇష్టమైన సంగతి.

ఫీజు లేదు, పూర్తిచేశాక ఇవ్వగలిగింది ఇస్తే చాలు. ఫోను తీసేసుకుంటారు. నాలుగింటికి గంట కొడతారు. పదో రోజు దాకా మౌనం. మూడు రోజులు ముక్కు దగ్గర ఊపిరి గమనించడం తప్ప ఇంకే పనీ లేదు. ముక్తినాథ్‌లో చూడ్డానికి కొండలున్నాయి, ఇక్కడ నా మోకాలి నొప్పి తప్ప చూసేదేం లేదు. ఆరో రోజు మధ్యాహ్నం మా ఆడపడుచు ఇరవై రెండేళ్ల కిందట పెళ్లిపందిట్లో అన్న మాట పైకి తేలింది. గొంతుతో సహా వినబడింది. కుడి దవడ బిగిసిపోయింది. లేచి పోవడానికి చోటు లేదు, చెప్పుకోడానికి మనిషి లేదు. కూర్చున్నాను. గంటకి దవడ దానంతటదే వదిలింది. ఇప్పటికీ ఆమె వస్తే కాఫీ ఇస్తున్నప్పుడు నా దవడ ఎలా ఉందో నాకు తెలుస్తుంది. ఏ యాత్రా నాకు ఇది ఇవ్వలేదు.

ఒక జాగ్రత్త. మానసికంగా జబ్బుపడి మందులు వాడుతున్నవాళ్లు ఆ సంగతి దరఖాస్తులో దాచకూడదు, డాక్టరుని అడగకుండా వెళ్లకూడదు. అన్ని రోజుల మౌనం అందరికీ పడదు.

మరి సాగరే మేలని తేల్చెయ్యచ్చు కదా? ఆడవాళ్ల విషయంలో అంత తేలిక కాదు. ముక్తినాథ్ వెళ్తానంటే మా అత్తగారు చేతిలో అయిదువందలు పెట్టి తన పేరున దీపం పెట్టమన్నారు. పది రోజులు నోరు మూసుకుని కూర్చోడానికి వెళ్తానంటే, "ఏమైందమ్మా, వాడేమైనా అన్నాడా?" అని అడిగారు. యాత్రకి ఇంట్లో సెలవు దొరుకుతుంది, కూర్చోడానికి దొరకదు. చాలామంది దూరం వెళ్లడానికి అసలు కారణం ఇదేనని నాకు గట్టిగా అనిపిస్తుంది. కుర్రాళ్లకీ అంతే, ఆఫీసులో బాలి అంటే ఎవరూ ఏమీ అడగరు.

మా పిల్లకి చివరికి ఇలా చెప్పాను. ముందు రెండు రోజులు నాతో మన ఒడిశా చంద్రగిరి రా. టిబెట్ వదిలొచ్చినవాళ్లు 1963 నుంచి అక్కడున్నారు. చలికాలం వాళ్ల దగ్గరే మనం స్వెట్టర్లు కొనుక్కుంటాం. అక్కడే జిరంగలో 2010లో దలైలామా ప్రారంభించిన పెద్ద మఠం ఉంది. బస్సు తప్తపాణి మీదుగా వెళ్తుంది. దేశం పోయాక మిగిలిన దాన్ని పట్టుకుని అరవై ఏళ్లుగా కూర్చున్నవాళ్ల మధ్య ఒక పూట కూర్చో, ఏమనిపిస్తుందో చూడు. తర్వాత సాగర్ దరఖాస్తు పెట్టు. మీ అమ్మతో నేను మాట్లాడతాను. అక్కడ పది రోజులు కూర్చున్నాక కూడా బాలి కావాలనిపిస్తే న్యేపికి టిక్కెట్టు తీసుకో, నేనూ వస్తాను.

డిసెంబరు మూడో వారం వస్తానంది. చంద్రగిరిలో అప్పుడు చలి బాగా ఉంటుంది, మందపాటి శాలువా ఒకటి బీరువాలోంచి తీసి ఎండకేశాను.